తీరపు తేమగాలి, టోపోలాజికల్ స్ఫటికాల పైపొర: సాక్ష్యాలు ఎంతవరకు చెబుతున్నాయి?

సారాంశం

బిస్మత్ సెలినైడ్, బిస్మత్ టెల్యురైడ్ వంటి టోపోలాజికల్ ఇన్సులేటర్లకు గాలి తగిలితే పైపొరలోని ఎలక్ట్రాన్ల స్థితి ఏమవుతుంది? 2010 నుంచి వచ్చిన ప్రయోగ ఫలితాలు ఈ విషయంలో ఒకదానితో ఒకటి పూర్తిగా పొసగవు. ఒక బృందం ఆక్సైడ్ వేగంగా పడుతుందని చెప్పింది. మరో బృందం పొడిగాలిలో ఏళ్లు గడిచినా మార్పు లేదని చెప్పింది. ఈ వ్యాసం ఆ ఫలితాలను పక్కపక్కన పెట్టి చూస్తుంది. రసాయన పరీక్షకు అందనంత చిన్న మార్పు కూడా విద్యుత్ ధర్మాలను గణనీయంగా కదిలించగలదన్నది ఇందులోని ప్రధాన వాదన. కాబట్టి రెండు రకాల ఫలితాలూ కొంతమేర ఒకేసారి నిజం కావచ్చు. వివాదంలో మిగిలే భాగానికి విడదీసిన ముఖం నాణ్యత, గాలిలోని తేమ ముఖ్య కారణాలై ఉండవచ్చు. స్టూవర్టుపురం, బాపట్ల, రేపల్లె వంటి తీరప్రాంతాల గాలికి ఈ ఫలితాలను అన్వయించేటప్పుడు పాటించాల్సిన జాగ్రత్తలను, ఇక్కడి కళాశాలలు చేపట్టదగిన ఒక పరీక్షను చివర చర్చించాం.

1. ప్రశ్న

బాపట్లకూ చీరాలకూ నడుమ రైలు మార్గం మీద ఉన్న ఊరు స్టూవర్టుపురం. సముద్రం దగ్గరే. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తిరుగుతుంది, దానితో తేమా ఉప్పూ వస్తాయి. ఆ గాలిలో ఒక స్ఫటికాన్ని ఉంచితే దాని పైపొర ఏమవుతుందన్నది ఈ వ్యాసానికి మూలమైన ప్రశ్న.

ఇంతవరకు ఈ స్ఫటికాలను గాలికి పెట్టి చూసిన ప్రధాన ప్రయోగాలు స్టట్‌గార్ట్, బీజింగ్, స్టాన్‌ఫర్డ్, మాస్కో, యేల్ వంటి చోట్ల పనిచేసే బృందాలవి. ప్రయోగశాలల్లో ఉష్ణోగ్రత అదుపులో ఉంటుంది, తేమ కూడా చాలాచోట్ల తక్కువే. అక్కడి పత్రాల్లో గది గాలికి ఉంచామని రాసి ఉంటే, దాన్ని కృష్ణా డెల్టా తీరంలోని గాలికి నేరుగా వర్తింపజేయవచ్చా? వర్తింపజేయడానికి తగిన ఆధారం ఇంకా లేదన్నది మా అభిప్రాయం. ఎందుకు లేదో చూపడానికి ముందుగా ఆ పైపొరలో ఏముందో చూడాలి.

2. పైపొరలో ఉన్నదేమిటి

బిస్మత్ టెల్యురైడ్ కొత్త పదార్థం కాదు. కంప్రెసర్ లేకుండా చల్లబరిచే పెల్టియర్ పలకల్లో దశాబ్దాలుగా వాడుతున్నదే. ఆ పలకలు మామూలు గాలిలోనే ఏళ్ల తరబడి పనిచేస్తాయి. అక్కడ పనిచేసేది పదార్థపు లోపలి భాగం కాబట్టి పైన ఏం జరిగినా పెద్దగా తేడా రాదు.

2009లో పరిస్థితి మారింది. బిస్మత్ సెలినైడ్, బిస్మత్ టెల్యురైడ్, ఆంటిమొనీ టెల్యురైడ్ లోపల ఇన్సులేటర్లుగా ఉంటూనే పైన లోహంలా విద్యుత్తును మోసే టోపోలాజికల్ స్థితి కలిగి ఉండాలని సిద్ధాంతకర్తలు లెక్కగట్టారు. అదే ఏడాది ప్రిన్స్‌టన్ బృందం బిస్మత్ సెలినైడ్‌లోనూ, స్టాన్‌ఫర్డ్ బృందం బిస్మత్ టెల్యురైడ్‌లోనూ ఆ స్థితిని నేరుగా చూశాయి. బిస్మత్ సెలినైడ్ లోపలి శక్తి అంతరం దాదాపు 0.3 ఎలక్ట్రాన్ వోల్టులు. ఆ అంతరాన్ని దాటుతూ పైపొర ఎలక్ట్రాన్ల శక్తి రేఖలు శంకువు ఆకారంలో ఒకదానికొకటి ఎదురై ఒక బిందువు దగ్గర కలుస్తాయి. దాన్నే డిరాక్ బిందువు అంటారు. ఈ స్థితిలో ఎలక్ట్రాన్ వెళ్లే దిశను బట్టే దాని స్పిన్ దిశ ఉంటుంది.

ఈ స్థితి ఉనికిని కాపాడేది కాలవిపర్యయ సౌష్ఠవం, అంటే కాలాన్ని వెనక్కి తిప్పినా నియమాలు మారకపోవడం. అయస్కాంత స్వభావం లేని మలినం ఏది పైన పడినా ఆ శంకువు మధ్య అంతరం తెరుచుకోదు. స్ఫటిక ధర్మాలను సౌష్ఠవం నుంచి రాబట్టే పద్ధతికి తెలుగునాట మంచి వారసత్వమే ఉంది. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం, టి. వెంకటరాయుడుతో కలిసి సమూహ సిద్ధాంతాన్ని భౌతిక సమస్యలకు అన్వయిస్తూ రాసిన గ్రంథాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1948లో ప్రచురించింది. అయస్కాంత స్ఫటికాల సౌష్ఠవంలోకి కాలవిపర్యయాన్ని తెచ్చిన పనిలోనూ భగవంతం పాత్ర ఉంది. ఆ దారిలో ఆలోచించడం ఇక్కడా ఉపయోగపడుతుంది: సౌష్ఠవం దేనికి హామీ ఇస్తోంది, దేనికి ఇవ్వడం లేదు అని విడదీసి అడగాలి.

హామీ ఉన్నది స్థితి ఉనికికి మాత్రమే. డిరాక్ బిందువు ఏ శక్తి దగ్గర ఉండాలో, ఆ పొరలో ఎన్ని ఎలక్ట్రాన్లు ఉండాలో, అవి ఎంత సాఫీగా కదలాలో, పక్కన మామూలు ఎలక్ట్రాన్ స్థితులు పుట్టకూడదో పుట్టవచ్చో సౌష్ఠవం చెప్పదు. గాలి ప్రభావం చూపేది సరిగ్గా ఈ విషయాల్లోనే.

3. శూన్యం ఎందుకు అవసరం

బిస్మత్ సెలినైడ్ స్ఫటికంలో సెలీనియం, బిస్మత్, సెలీనియం, బిస్మత్, సెలీనియం అనే వరసలో ఐదు పరమాణు పొరలు ఒక కట్టగా ఉంటాయి. కట్ట మందం దాదాపు ఒక నానోమీటరు. కట్ట లోపల బంధాలు గట్టివి, కట్టకూ కట్టకూ మధ్య బలహీనం. టేపు అంటించి లాగితే స్ఫటికం కట్టల మధ్యనే విడిపోతుంది. శూన్యపు గదిలో చేయాలంటే ముందే స్ఫటికం పైభాగాన చిన్న కడ్డీని వెండి జిగురుతో అతికిస్తారు. గదిలో గాలంతా తీసేశాక ఆ కడ్డీని మరో కమ్మీతో పక్కకు కొడితే, పై ముక్క ఊడి పడి తాజా ముఖం బయటపడుతుంది.

తాజా ముఖం ఎంతసేపు తాజాగా ఉంటుంది? దీనికి పాత లెక్క ఒకటి ఉంది. పీడనం 1 టార్‌లో పది లక్షవ వంతు ఉన్నప్పుడు, వచ్చి తగిలిన ప్రతి అణువూ అంటుకుంటే, దాదాపు ఒక సెకనులో ఒక పొర నిండుతుంది. పీడనాన్ని ఇంకో పది వేల వంతుకు తగ్గిస్తే అదే పొర నిండడానికి 10,000 సెకన్లు, అంటే సుమారు రెండు గంటల ముప్పావు పడుతుంది. ఎలక్ట్రాన్ల శక్తిని కొలిచే ప్రయోగాలన్నీ అంతటి శూన్యంలో, వీలైతే ఇంకా మెరుగైన శూన్యంలో జరగడానికి కారణం ఇదే. నిజానికి తగిలిన ప్రతి అణువూ అంటుకోదు. సమయం అందువల్ల పెరుగుతుంది. ఎంత పెరుగుతుందన్నది పదార్థాన్ని బట్టి మారుతుంది.

ఉన్నత శూన్యాన్ని సృష్టించడం, కొలవడం మీద తొలి ఇంగ్లీషు గ్రంథాల్లో ఒకదాన్ని రాసింది తెలుగువాడే. భీమవరం దగ్గరి గొరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద పుస్తకం 1947లో న్యూయార్క్ నుంచి వెలువడింది. తర్వాత ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణు భౌతికశాస్త్ర పరిశోధనకు పునాది వేశారు. పైపొరల భౌతికశాస్త్రానికి పంపులూ గేజీలూ ప్రాథమిక అవసరం. పరికరంలో ఏ వాయువు ఎంత మిగిలిందో తెలియనిదే పైపొర గురించి చెప్పే మాటకు బలం ఉండదు.

4. సాక్ష్యాలు

4.1. శూన్యంలోనే ముసలితనం

మొదటి హెచ్చరిక గాలి నుంచి రాలేదు, శూన్యం నుంచే వచ్చింది. డెన్మార్క్‌లోని ఆర్హస్ విశ్వవిద్యాలయం బృందం 2010లో, తాజాగా విడదీసిన బిస్మత్ సెలినైడ్ ముఖం శూన్యంలోనే గంటల వ్యవధిలో మారిపోతున్నట్టు చూపింది. డిరాక్ బిందువు కిందికి దిగుతుంది. దాని పక్కనే మామూలు ద్విమితీయ ఎలక్ట్రాన్ పొర ఒకటి పుడుతుంది. ఈ కదలిక వంద మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయిది. టోపోలాజికల్ స్థితి చెదరలేదు, అయితే దానికి తోడుగా మరో వాహకం చేరింది. ఆ తర్వాత విద్యుత్ నిరోధాన్ని మాత్రమే కొలిచేవారికి ఏ భాగం దేనిదో విడదీయడం కష్టమవుతుంది.

4.2. నీటి ఆవిరి

2011లో స్టట్‌గార్ట్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన బెనియా, లిన్, కెర్న్, ఆస్ట్ ఈ ముసలితనానికి కారణం వెతికారు. తాజా ముఖానికి కొలిచిన మోతాదులో నీటి ఆవిరి పట్టించి, మోతాదు పెరుగుతున్న కొద్దీ శక్తి రేఖలను కొలిచారు. డిరాక్ బిందువు లోతుకు దిగింది, క్వాంటమ్ బావుల్లో బంధించిన ఎలక్ట్రాన్ స్థితులు ఏర్పడ్డాయి, వాటిలో స్పిన్‌ను బట్టి చీలిక బలంగా కనిపించింది. నీరు సెలీనియాన్ని లాగేస్తుందని, ఖాళీ అయిన చోటు ధనావేశంతో మిగులుతుందని, ఆ ఆవేశమే శక్తి పట్టీలను వంచుతుందని వారి వివరణ. గాలిలో విడదీసిన స్ఫటికాల్లోనూ ఇలాంటి ప్రభావమే కనిపించింది. పైపొర రసాయనికంగా నిశ్చలం కాదని, టోపోలాజికల్ స్థితి మాత్రం నిలిచి ఉందని వారు తేల్చారు.

4.3. గది గాలి

2012లో బీజింగ్ భౌతికశాస్త్ర సంస్థ బృందం బిస్మత్ సెలినైడ్, బిస్మత్ టెల్యురైడ్ రెండింటినీ గది ఉష్ణోగ్రత దగ్గర నేరుగా గాలికి పెట్టి, తిరిగి శూన్యంలోకి తెచ్చి కొలిచింది. ఫలితం దాదాపు అదే. టోపోలాజికల్ స్థితి మిగిలింది, దాని రూపం బాగా మారింది, పక్కన క్వాంటమ్ బావి స్థితులు వచ్చాయి. ఇది ముఖ్యమైన సాక్ష్యం. స్టట్‌గార్ట్ బృందం ముఖ్యంగా గాలిలోని ఒక భాగాన్ని విడదీసి పరీక్షిస్తే, ఇది మామూలు గాలినే పరీక్షించింది.

4.4. వేగంగా పడే ఆక్సైడ్

2011లోనే స్టాన్‌ఫర్డ్ బృందం బిస్మత్ సెలినైడ్ నానోరిబ్బన్‌ల మీద వేరే కోణంలో చూసింది. ఎక్స్‌రే తగిలినప్పుడు వెలువడే ఎలక్ట్రాన్ల శక్తిని బట్టి పైన ఏ మూలకం ఏ బంధంలో ఉందో చెప్పవచ్చు. సెలినైడ్‌లోని సెలీనియం శిఖరం 53, 54 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర వస్తుంది. ఆక్సిజన్‌తో కలిస్తే 59 దగ్గర మరో శిఖరం లేస్తుంది. మామూలు గాలిలో ఆక్సైడ్ త్వరగా ఏర్పడుతోందని, ఆగకుండా పెరుగుతోందని ఆ పత్రం చెప్పింది. గాలి తగిలాక ఎలక్ట్రాన్ల సంఖ్య పెరగడం వల్ల మొత్తం వాహకతలో పైపొర వాటా తగ్గుతుందని కూడా గుర్తించింది.

4.5. దాదాపు ఏమీ కాదన్న ఫలితం

2013లో మాస్కోకు చెందిన యాషినా నేతృత్వంలోని బృందం పూర్తిగా భిన్నమైన చిత్రాన్ని ముందు పెట్టింది. ఒక మిల్లీబార్‌లో పది కోట్ల వంతు నుంచి 0.1 మిల్లీబార్ వరకు పరికరంలోనే, ఆపైన వాతావరణ పీడనం దగ్గర బయటా పరీక్షించారు. శుద్ధమైన ఆక్సిజన్‌లో గానీ, శుద్ధమైన నీటి ఆవిరిలో గానీ రసాయన చర్య కనిపించలేదు. నీటి వల్ల వచ్చిన కొద్దిపాటి ఆవేశ మార్పు కూడా స్టట్‌గార్ట్ ఫలితానికి వ్యతిరేక దిశలో ఉంది. పొడిగాలిలో బిస్మత్ టెల్యురైడ్ ఆక్సైడ్ కావడానికి నెలలు పట్టింది. విడదీసిన బిస్మత్ సెలినైడ్ ముఖం ఏళ్లు గడిచినా కాలేదు. అయితే ఇదే పత్రంలో తీరప్రాంత పాఠకుడు గుర్తుంచుకోవాల్సిన వాక్యం ఒకటుంది: గాలిలో నీరు ఉంటే ఆక్సీకరణ ఊపందుకుంటుంది. ఆక్సిజన్ ఒంటరిగా చేయనిది, నీరు ఒంటరిగా చేయనిది, రెండూ కలిస్తే చేస్తున్నాయి.

5. పొసగని ఫలితాలను ఎలా చదవాలి

ఈ ఐదింటిలో ఏదో ఒకటి తప్పని తేల్చేయడం తేలిక. దానికి ముందు మూడు విషయాలు పరిశీలించాలి.

మొదటిది, కొలత సున్నితత్వం. బిస్మత్ సెలినైడ్ పైముఖంలో పక్క పరమాణువుల మధ్య దూరం 0.414 నానోమీటర్లు. దాన్ని బట్టి లెక్కేస్తే ఒక చదరపు సెంటీమీటరులో పైవరస సెలీనియం పరమాణువులు దాదాపు 670 లక్షల కోట్లు. ఇప్పుడు దీన్ని మరో సంఖ్యతో పోల్చాలి. 2014లో డ్రెస్డెన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ బృందం బిస్మత్ టెల్యురైడ్ పలుచని పొరలను పెంచడం దగ్గర నుంచి నిరోధం కొలవడం వరకు అంతా శూన్యం విడవకుండా చేసింది. అంత శుభ్రమైన పొరలో మొత్తం వాహక ఎలక్ట్రాన్లు చదరపు సెంటీమీటరుకు ఒక లక్ష కోటి స్థాయిలోనే ఉన్నాయి. వాటి చలనశీలత 4,600 చదరపు సెంటీమీటర్లు ప్రతి వోల్టు సెకనుకు వరకు చేరింది.

రెండు పదార్థాలూ ఒకే కుటుంబానివి కాబట్టి స్థూలంగా పోల్చవచ్చు. పైవరసలోని సుమారు 670 పరమాణువుల్లో ఒకటి లేచిపోయి, ఆ ఖాళీ ఒక్క ఎలక్ట్రాన్‌ను ఇచ్చినా చాలు, పైపొరలోని మొత్తం ఎలక్ట్రాన్లు రెట్టింపవుతాయి. వందకు 0.15 వంతు మార్పు అది. ఎక్స్‌రే పద్ధతిలో అంత చిన్న మార్పు ఆక్సైడ్ శిఖరంగా కనిపించడం కష్టం, శబ్దంలో కలిసిపోతుంది. అంటే రసాయన పరీక్షలో ఏమీ కాలేదన్న పత్రమూ, శక్తి రేఖల పరీక్షలో చాలా జరిగిందన్న పత్రమూ ఒకే స్ఫటికం గురించి నిజమే చెబుతూ ఉండవచ్చు. ఇది మా అంచనా మాత్రమే. పైగా ఇది ఆవేశపు పరిమాణాన్ని వివరిస్తుందే గానీ దిశను వివరించదు. స్టట్‌గార్ట్‌లో నీరు ఎలక్ట్రాన్లను పెంచింది, యాషినా బృందం చూసినప్పుడు కొద్దిగా తగ్గించింది. ఈ వైరుధ్యం మా లెక్కతో తీరదు.

రెండోది, ముఖం నాణ్యత. సరిగ్గా కట్టల మధ్య విడిపోయిన ముఖం మీద సెలీనియం వరస సంపూర్ణంగా ఉంటుంది, చర్యకు సిద్ధంగా తెగిన బంధాలు ఉండవు. మెట్లలా విరిగిన చోట బిస్మత్ కూడా బయటపడుతుంది. బిస్మత్, టెల్యురియం, సెలీనియం మిశ్రమ స్ఫటికాల మీద తర్వాత జరిగిన పరిశీలన, ఆక్సీకరణ ఎంత అన్నది ముఖం ఎంత శుభ్రంగా విడిపోయిందన్న దాని మీద ఆధారపడుతుందని చూపింది. నానోరిబ్బన్‌కు అంచులు ఎక్కువ. పెద్ద స్ఫటికపు నునుపు ముఖానికి తక్కువ. స్టాన్‌ఫర్డ్, యాషినా ఫలితాల మధ్య దూరంలో కొంత భాగం దీనివల్ల రావచ్చు.

మూడోది, గాలి. పొడిగాలి, తేమగాలి, నీటి ఆవిరి, ఆక్సిజన్ వేర్వేరు పరిస్థితులు. బయట ఉంచిన సమయం రాసి తేమ శాతం రాయని పత్రాన్ని, తేమను లెక్కగట్టి ఉంచిన పత్రంతో పోల్చడం సరికాదు. యాషినా బృందం చెప్పినట్టు నీరూ ఆక్సిజనూ కలిసినప్పుడే చర్య ముందుకు పోతుంటే, తేమ శాతం ఈ వివాదంలో పక్కన పెట్టదగిన వివరం కాదు.

6. మరో కుటుంబం: టంగ్‌స్టన్ డైటెల్యురైడ్

ఈ వాదన బిస్మత్ పదార్థాలకే పరిమితమా అన్నది చూడడానికి టంగ్‌స్టన్ డైటెల్యురైడ్ ఉపయోగపడుతుంది. ఇది సెమీమెటల్. ఇందులో ఎలక్ట్రాన్లూ హోల్స్ దాదాపు సమానంగా ఉండడం వల్ల అయస్కాంత క్షేత్రంలో నిరోధం విపరీతంగా పెరుగుతుంది. పలుచని రేకుల్లో ఈ పెరుగుదల తగ్గిపోతున్నట్టు చాలామంది గమనించారు.

యేల్ విశ్వవిద్యాలయం బృందం 2017లో దీనికి కారణం వెతికింది. రేకు మీద దాదాపు 2 నానోమీటర్ల మందాన, క్రమం లేని ఆక్సైడ్ పొర ఏర్పడుతోంది. పైభాగంలో ఫెర్మీ మట్టం (ఎలక్ట్రాన్లు నిండే శక్తి హద్దు) సుమారు 300 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు జరుగుతోంది. ఎలక్ట్రాన్, హోల్ సమతూకం చెడడమే కారణమని ఎవరైనా అనుకుంటారు. ఆ బృందం అక్కడ ఆగలేదు. నిరోధపు లెక్కలను రెండు పట్టీల నమూనాతో సరిచూసి, ఈ జరుగుదల ప్రభావం లోపలికి అంతగా చేరడం లేదని, అసలు కారణం చలనశీలత తగ్గడమని చెప్పింది. రేకు పలుచబడే కొద్దీ ఆక్సైడ్ దగ్గర ఎలక్ట్రాన్లు చెదరడం పెరుగుతోంది. ఫెర్మీ మట్టం కదిలిందన్నంత మాత్రాన నిరోధపు మార్పు దానివల్లే అనుకోకూడదని ఈ పత్రం నేర్పుతుంది.

ఏకపొర టంగ్‌స్టన్ డైటెల్యురైడ్‌కు మందమే అంత ఉండదు కాబట్టి 2 నానోమీటర్ల ఆక్సైడ్ అంటే పొర మొత్తం పోయినట్టే. అందుకే 2018లో ఆ ఏకపొరలో 100 కెల్విన్ వరకు అంచు వాహకతను చూపిన మసాచుసెట్స్ బృందం దాన్ని బోరాన్ నైట్రైడ్ రేకుల మధ్య మూసి ఉంచే కొలిచింది.

7. తీరపు గాలి: ఒక అంచనా

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. స్టూవర్టుపురం గాలి 30 డిగ్రీల ఉష్ణోగ్రత, 80 శాతం సాపేక్ష ఆర్ద్రత దగ్గర ఉందనుకుందాం. ఇది ఉదాహరణకు తీసుకున్న సంఖ్య. 30 డిగ్రీల దగ్గర నీటి సంతృప్త ఆవిరి పీడనం 42 మిల్లీబార్లు, అందులో 80 శాతం దాదాపు 34. 22 డిగ్రీలు, 40 శాతం తేమ ఉండే శీతల ప్రయోగశాలలో ఇదే లెక్క వేస్తే 10.6 మిల్లీబార్లు వస్తుంది. తీరపు గాలిలో నీటి అణువులు మూడింతలకు పైగా ఉన్నాయన్నమాట.

34 మిల్లీబార్లంటే సుమారు 25 టార్. ఇంతకుముందు చెప్పిన లెక్క ప్రకారం, తగిలిన ప్రతి అణువూ అంటుకుంటే ఒక పొరకు సరిపడా నీరు తగలడానికి 40 నానోసెకన్లు చాలు. పొడి గదిలోనూ ఈ సమయం నానోసెకన్లలోనే ఉంటుంది. కాబట్టి నీరు ఎంత త్వరగా వచ్చి చేరుతుందన్నది అడ్డంకి కాదు. చేరిన నీరు ఎంత మందాన నిలుస్తుంది, ఎంతసేపు నిలుస్తుంది అన్నదే ముఖ్యం. అది సాపేక్ష ఆర్ద్రతతో పెరుగుతుంది. పెరిగే తీరు ముఖం నునుపు మీదా, దాని మీద ఉన్న మురికి మీదా ఆధారపడుతుంది.

ఇక్కడే రెండు స్థానిక విషయాలు లెక్కలోకి వస్తాయి. ఒకటి మంచుబిందు స్థానం. పై ఉదాహరణలో అది 26 డిగ్రీలు. 22 డిగ్రీల ఏసీ గదిలో ఉంచిన స్ఫటికాన్ని పెట్టెలోంచి తీసి బయటి గాలిలో పెడితే, వేసవిలో ఏసీ బోగీ దిగగానే కళ్లద్దాలు మసకబారినట్టు, దాని మీద కంటికి కనిపించేంత చెమ్మ పడుతుంది. అప్పుడు జరిగేది గాలి పరీక్ష కాదు, తడి పరీక్ష. ద్రవ నైట్రోజన్‌లో చల్లబరిచి కొలిచిన నమూనాను సరిగ్గా వేడెక్కకముందే తెరిస్తే ఇంకా ఘోరం. ఫలితంలో కనిపించే మార్పు గాలిదో చెమ్మదో ఆ తర్వాత ఎవరూ చెప్పలేరు.

రెండోది ఉప్పు. సోడియం క్లోరైడ్ స్ఫటికం దాదాపు 75 శాతం ఆర్ద్రత దాటితే గాలిలోని నీటిని పీల్చుకుని ద్రావణమైపోతుంది. సముద్రపు గాలిలోని ఉప్పు రేణువు స్ఫటికం ముఖం మీద పడి, ఆర్ద్రత అంతకు మించి ఉంటే, అక్కడ ఒక చిన్న ఉప్పునీటి చుక్క తయారవుతుంది. అందులో ఆక్సిజన్ కరుగుతుంది, క్లోరైడ్ అయాన్లు ఉంటాయి. బిస్మత్ ఆక్సీక్లోరైడ్ స్థిరమైన సమ్మేళనమన్నది రసాయన శాస్త్రంలో పాత సంగతి. కాబట్టి అలాంటి చుక్క కింద చర్య వేరే దారిలో నడిచే అవకాశాన్ని కొట్టిపారేయలేం. ఇది పరికల్పన మాత్రమే. తలుపులు మూసిన, గాలిని వడగట్టే ప్రయోగశాలలో ఈ ప్రభావం చాలా తక్కువగా ఉండవచ్చు. కిటికీలు తెరిచి ఉంచే ప్రయోగశాలలో దీన్ని విస్మరించకూడదు.

8. కాపాడే పొరలు

గాలిని అడ్డుకునే మార్గాలు ఉన్నాయి. డ్రెస్డెన్ బృందం 2015లో బిస్మత్ టెల్యురైడ్ మీద టెల్యురియం పొర వేసి చూపింది. ఆ పొర కింద పైపొర స్థితి చెక్కుచెదరలేదు, రసాయన శక్తి మట్టం కదల్లేదు, వాహకతలో ఆ పొర వాటా స్వల్పం. గాలికి పెట్టిన తర్వాత శూన్యంలో వేడిచేసి టెల్యురియాన్ని ఎగరగొడితే అడుగున మొదటి ముఖమే బయటపడింది. సెలినైడ్‌కు సెలీనియం పొరను ఇదే పద్ధతిలో వాడుతున్నారు. పలుచని రేకులకు బోరాన్ నైట్రైడ్ మూత మంచిది. పదార్థంలో ఉన్న మూలకాన్నే మూతగా వాడడంలో ఒక సౌలభ్యం ఉంది: కొత్త మలినం చేరదు.

ఈ ఫలితాలను కూడా జాగ్రత్తగానే చదవాలి. పొర గాలిలో ఎన్ని రోజులు నిలిచిందన్నది ఒక ప్రశ్న, 80 శాతం తేమలో ఎన్ని రోజులు నిలుస్తుందన్నది మరో ప్రశ్న.

9. ఇక్కడ చేయదగిన పరీక్ష

తీరపు గాలి ప్రభావాన్ని పరీక్షించడానికి సింక్రోట్రాన్ అక్కడికక్కడే ఉండనక్కర లేదు. దేశంలో ఇందోర్‌లోని ఇండస్-2 దగ్గర ఎలక్ట్రాన్ శక్తి రేఖలను కొలిచే కేంద్రం ఉంది, ఎక్స్‌రే ఫోటోఎలక్ట్రాన్ పరికరాలు పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఉన్నాయి. నమూనాలకు గాలి పట్టించే భాగాన్ని తీరప్రాంతపు కళాశాలే చేయవచ్చు.

తేమను అదుపు చేయడానికి ఖరీదైన గది అక్కర్లేదు. మూత బిగించిన డెసికేటర్ అడుగున సంతృప్త ఉప్పు ద్రావణం పోస్తే లోపల ఆర్ద్రత 75 శాతం దగ్గర నిలబడుతుంది. మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణంతో 33 శాతం వస్తుంది. సిలికా జెల్‌తో పొడిగాలి. నాలుగో పెట్టెలో పొడి నైట్రోజన్. ఒకే స్ఫటికం నుంచి ఒకే రోజు విడదీసిన ముక్కలను ఈ నాలుగింటిలో పెట్టాలి. ఐదో ముక్కను బయటి గాలిలో, ఉష్ణోగ్రత, ఆర్ద్రత నమోదు చేస్తూ ఉంచాలి. 75 శాతం పెట్టెకూ బయటి ముక్కకూ మధ్య తేడా కనిపిస్తే ఉప్పు రేణువుల గురించి ఆలోచించవచ్చు, కనిపించకపోతే పై పరికల్పనను పక్కన పెట్టవచ్చు.

ఒక ఉచ్చు గురించి చెప్పాలి. కళాశాలల్లో నాలుగు సూదుల నిరోధ పరికరం, హాల్ ప్రభావ పరికరం ఉంటాయి. మిల్లీమీటరు మందమున్న స్ఫటికాన్ని వాటితో కొలిస్తే పైపొర మార్పు కనిపించదు. ఆ మందంలో దాదాపు పది లక్షల కట్టలు ఉంటాయి, వాటి వాహకతే పైపొరను కప్పేస్తుంది. ఏ మార్పూ రాలేదు కాబట్టి గాలి ప్రభావం లేదని రాస్తే అది తప్పుడు నిర్ధారణ. పదుల నానోమీటర్ల పలుచని పొరల మీదే ఈ కొలతకు అర్థముంది.

10. తేలింది, తేలనిది

గట్టిగా చెప్పగలిగినవి మూడు. మామూలు గాలి తగిలినా బిస్మత్ సెలినైడ్, బిస్మత్ టెల్యురైడ్‌లలో టోపోలాజికల్ పైస్థితి ఉనికి పోలేదు. దాని శక్తి స్థానం, పక్కన చేరే ఎలక్ట్రాన్ స్థితులు మాత్రం మారాయి. ఆక్సిజన్‌కు నీరు తోడైతే ఆక్సీకరణ పెరుగుతుంది.

అనుకోవచ్చు గానీ ఇంకా రుజువు కావలసినవి రెండు. రసాయన పరీక్షల్లో, విద్యుత్ పరీక్షల్లో వచ్చిన వైరుధ్యానికి కొలతల సున్నితత్వంలో తేడా ఒక కారణం. మిగతా భాగంలో విడదీసిన ముఖం నాణ్యత, తేమ శాతం ప్రధానం.

తేలనివి: నీరు ఒంటరిగా ఆవేశాన్ని ఏ దిశలో మారుస్తుందన్నది, సముద్రపు ఉప్పు పాత్ర, అధిక ఆర్ద్రతలో కాపాడే పొరల ఆయుష్షు.

పై పరీక్ష చేసినప్పుడు ఈ వ్యాసం వాదన నిలుస్తుందో లేదో చెప్పడానికి ఒక గుర్తు ఉంది. బిస్మత్ టెల్యురైడ్‌లో టెల్యురియం శిఖరం 572 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, దాని ఆక్సైడ్ శిఖరం 576 దగ్గర వస్తాయి. 33 శాతం పెట్టెలోని పలుచని పొరలో 576 దగ్గర ఏమీ లేవకుండానే ఎలక్ట్రాన్ల సంఖ్య కదిలితే, రసాయనానికి అందని మార్పు విద్యుత్తుకు అందుతుందన్న మాట బలపడుతుంది. ఆక్సైడ్ శిఖరం లేచినప్పుడే ఎలక్ట్రాన్ల సంఖ్యా కదిలితే, రెండూ ఎప్పుడూ కలిసే నడిస్తే, ఐదో భాగంలోని మా అంచనా తప్పని ఒప్పుకోవాలి. ఏ ఫలితం వచ్చినా పత్రంలో గాలికి ఉంచామని రాసి ఊరుకోకుండా ఉష్ణోగ్రత, సాపేక్ష ఆర్ద్రత, సమయం, ముఖాన్ని విడదీసిన పద్ధతి, ఈ నాలుగూ రాయాలి. అవి లేకుండా బాపట్ల ఫలితాన్ని బీజింగ్ ఫలితంతో పోల్చలేం.